ఒక్కరే నడిపే యోగా క్లాసు: చేయవలసినవి, చేయకూడనివి

యోగా క్లాసు పెట్టడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. గాలి వచ్చే ఒక గది, కొన్ని మ్యాట్లు, ఒక ఫోన్ ఉంటే మొదలుపెట్టేయొచ్చు. విజయవాడ, వరంగల్, తిరుపతి లాంటి ఊళ్లలోనూ, హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలోనూ ఇంటి హాల్లోనే క్లాసులు నడుపుతూ సొంత సంపాదన మీద నిలబడ్డ ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. 2025 జూన్ 21న విశాఖ తీరంలో జరిగిన యోగా దినోత్సవానికి ముందు నెల రోజుల పాటు ఆంధ్రప్రదేశ్‌లో ‘యోగాంధ్ర’ శిబిరాలు నడిచాయి. అలాంటి చోట్ల ఓనమాలు దిద్దుకుని, శిక్షణ పూర్తిచేసి, ఇప్పుడు తామే నేర్పాలనుకుంటున్న వాళ్లూ ఉన్నారు. ఈ మాటలు వాళ్ల కోసమే.

పెద్ద సెంటర్లో పేర్లు రాసుకునేవాళ్లు ఒకరు, ఫీజు తీసుకునేవాళ్లు ఒకరు, క్లాసులో ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే పరుగెత్తుకొచ్చే సహాయకులు ఒకరు ఉంటారు. మీ దగ్గర ఈ పనులన్నీ మీవే. అందుకే ఒంటరిగా నడిపే వాళ్లకు పద్ధతి మరింత అవసరం. నా ఉద్దేశంలో ఇలాంటి క్లాసుల్లో దెబ్బలు తగిలేది ఆసనం తెలియక కన్నా, అడగవలసింది అడగకపోవడం వల్ల, అడిగింది రాసుకోకపోవడం వల్ల, టీచర్ అలసిపోయి ఉండి కూడా క్లాసు తీసుకోవడం వల్ల. ఈ మూడూ చేతిలో ఉన్న పనులే.

చేర్చుకునే ముందు

కొత్తగా వచ్చినవాళ్లను మొదటి రోజే మ్యాట్ ఎక్కించకండి. పది నిమిషాలు కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడండి, ఆ మాటలు కాగితం మీద పెట్టండి. పేరు, వయసు, ఇంట్లో ఒకరి ఫోన్ నంబరు, రోజూ వేసుకునే మందులు, పాత దెబ్బలు, చూపించుకునే డాక్టరు పేరు, కింద తేదీతో సంతకం. ఇంతకన్నా పెద్ద ఫారం అక్కర్లేదు. ఎక్కడినుంచో దించుకున్న నాలుగు పేజీల ఇంగ్లిష్ పత్రం చేతిలో పెడితే చదవకుండానే సంతకం చేసేస్తారు. తెలుగులో ఒక్క పేజీ ఉంటే చదువుతారు, ఆలోచిస్తారు, మర్చిపోయింది గుర్తు తెచ్చుకుంటారు.

అడిగే తీరు చాలా ముఖ్యం. “ఆపరేషన్లేమైనా అయ్యాయా అమ్మా?” అంటే చాలామంది “లేదండీ” అనేస్తారు. కాన్పు ఆపరేషన్‌ను ఆపరేషన్ కింద లెక్కవేయరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. అంటే మీ బ్యాచ్‌లో పొత్తికడుపు మీద కోత పడిన వాళ్లు ఉండే ఉంటారు. అందుకని “పిల్లలెంతమంది? మామూలు కాన్పా, ఆపరేషనా? ఎన్నాళ్లయింది? గర్భసంచి ఏమైనా తీశారా? పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నారా?” అని విడివిడిగా అడగండి. బీపీ సంగతీ అంతే. “బీపీ ఉందా?” అంటే “లేదండీ, కంట్రోల్‌లోనే ఉంది” అంటారు. రోజూ మాత్ర వేసుకుంటున్నారన్నమాట! “మీరు వేసుకునే మాత్రల స్ట్రిప్పులు ఒకసారి ఫొటో తీసి పంపండి” అంటే అసలు విషయం తెలుస్తుంది. ఆ మాత్ర దేనికో మీకు తెలియకపోతే వాళ్ల డాక్టరును అడిగి రమ్మనండి. మీరు ఊహించవద్దు.

ఫారం నిండితే సరిపోదు. ఏ ఇబ్బంది ఉంటే ఏది ఆపాలో ఒక పట్టిక రాసి, క్లాసు తీసుకునే గదిలో మీకు కనపడే చోట పెట్టుకోండి. అదుపులో లేని బీపీ, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవాళ్లకు, గర్భిణులకు కపాలభాతి, భస్త్రిక వద్దు. నీటికాసులు, అంటే గ్లాకోమా ఉన్నవాళ్లతో తలకిందుల ఆసనాలు ఏవీ చేయించవద్దు. శీర్షాసనంలో కంటి లోపలి ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది. చూపు పోయే జబ్బుతో ఉన్న మనిషికి అది మనం చేతులారా చేసే హాని. ఎముకలు పెళుసుబారిన పెద్దవాళ్లను నడుము గుండ్రంగా వంచి ముందుకు వంగనివ్వకండి, వెన్నుపూస విరగవచ్చు. డిస్కు జారి, నొప్పి కాలి కిందిదాకా లాగుతున్న వాళ్లను పాదహస్తాసనం, పశ్చిమోత్తానాసనం నుంచి తప్పించండి. గర్భిణులను మామూలు బ్యాచ్‌లో కలపకండి. వాళ్ల డాక్టరు సరే అన్నాక, గర్భిణులకు నేర్పడంలో మీకు ప్రత్యేక శిక్షణ ఉంటేనే విడిగా చెప్పండి. లేకపోతే అలాంటి శిక్షణ ఉన్న టీచర్ దగ్గరికి పంపండి.

ఈమధ్యే స్టెంటు వేయించుకున్నవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు, నడిస్తే ఛాతీలో పట్టేసినట్టుంటోందని చెప్పినవాళ్లు వస్తే డాక్టరు రాసిచ్చిన కాగితం లేకుండా చేర్చుకోకండి. “ఏం కాదులెండి, నేను చూసుకుంటాను” అని వాళ్లే అంటారు. ఒక నెల ఫీజు పోయినా సరే, ఆ మాటకు లొంగకండి. మూడు నెలలకోసారి పాత విద్యార్థుల ఫారాలు కూడా తీసి “కొత్తగా ఏమైనా మందులు మొదలుపెట్టారా?” అని అడిగి తేదీ వేసుకోండి. ఏడాది కిందటి ఆరోగ్యాన్ని నమ్ముకుని ఇవాళ ఆసనం వేయించలేం.

క్లాసు నడుస్తుండగా

తెల్లవారుజాము బ్యాచ్‌లో ఎక్కువ భయపడవలసింది షుగర్ పడిపోవడం గురించి. ఇన్సులిన్ గానీ కొన్నిరకాల షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లు రాత్రి సరిగా తినకుండా, ఉదయం ఖాళీ కడుపుతో వచ్చి 12 సూర్యనమస్కారాలు చేస్తే రక్తంలో చక్కెర 70 కిందికి జారవచ్చు. ముందుగా చల్లటి చెమట పడుతుంది. వేళ్లు వణుకుతాయి. మీరు కుడికాలు అంటే ఎడమకాలు తీస్తారు. అడిగితే మాట ముద్దగా వస్తుంది, లేదా ఎప్పుడూ లేనిది విసుక్కుంటారు. అన్నిటికన్నా ప్రమాదం శవాసనంలో. నిద్రపట్టిందనుకుని వదిలేస్తాం. అలా వదలకండి. షుగర్ ఉన్నవాళ్లను ముందు వరుసలోనే పడుకోబెట్టి, మధ్యలో ఒకసారి పేరు పెట్టి పిలవండి, జవాబు రావాలి. తేడా అనిపిస్తే మూడు చెంచాల పంచదార గానీ గ్లూకోజ్ పొడి గానీ నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలు కూర్చోబెట్టి, మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. గ్లూకోజ్ పొట్లం, మంచినీళ్లు, ప్రథమ చికిత్స పెట్టె, తెలుగులో రాసిన మీ ఇంటి పూర్తి చిరునామా, దగ్గరి గుర్తు — ఇవన్నీ ఒకే చోట ఉండాలి. కంగారులో సొంత ఇంటి అడ్రసు కూడా నోటికి రాదు.

గుండె ఆగి పడిపోయిన మనిషికి అంబులెన్స్ వచ్చేలోగా ఛాతీ మీద నొక్కడం టీచర్లందరికీ వచ్చి తీరాలి. రొమ్ము మధ్యలో, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతున. పుస్తకం చదివితే చేతులకు ఆ బలం తెలియదు. ఎక్కడైనా సీపీఆర్ శిక్షణ ఇస్తుంటే వెళ్లి బొమ్మ మీద చేసి నేర్చుకోండి. మీరొక్కరే ఉంటారు కాబట్టి బ్యాచ్‌లో ఒకరికి ముందే చెప్పి ఉంచండి: “ఏదైనా జరిగితే 108కి ఫోన్ చేసి, కిందకెళ్లి లిఫ్ట్ దగ్గర నిలబడే పని మీది అక్కా.” ఆ ఒక్క ఏర్పాటు మీ రెండు చేతులూ ఖాళీగా ఉంచుతుంది.

ఒంటి మీద చెయ్యి వేసే ముందు అడగండి. మొదటి రోజు మాట్లాడేటప్పుడు అడిగినా, ఆ రోజు ఆ క్షణంలో మళ్లీ అడగండి. పశ్చిమోత్తానాసనంలో వీపు మీద బరువు మోపి కిందికి నొక్కే అలవాటు ఇంకా కొన్నిచోట్ల ఉంది. దాన్ని పూర్తిగా మానేయండి. ఎదుటివాళ్ల కండరం ఎంత సాగుతుందో వాళ్ల నరానికి తెలుసు, మన అరచేతికి తెలియదు. మాటతో సరిచేయగలిగినంతా మాటతోనే సరిచేయండి.

క్రియల విషయంలో గట్టిగా చెబుతున్నాను. జలనేతికి కొళాయి నీళ్లు, బోరు నీళ్లు వాడనివ్వకండి. మరిగించి చల్లార్చిన నీళ్లే వాడాలి. నీళ్లలో ఉండే ఒక రకం అమీబా ముక్కులోంచి మెదడుకు చేరితే బతకడం చాలా అరుదు. 2025లో కేరళలో అమీబా మెదడువాపు కేసులు ఎంత కలవరం రేపాయో చూశాం. శంఖ ప్రక్షాళన లాంటివి ఆన్‌లైన్లో అసలు నేర్పవద్దు. లీటర్ల కొద్దీ ఉప్పునీళ్లు తాగిన మనిషి స్క్రీన్ అవతల పడిపోతే మీరు చేయగలిగింది ఏమీ లేదు.

గది సంగతులు క్లుప్తంగా: మూసిన గదిలో అగరుబత్తి వెలిగించకండి, ఉబ్బసం ఉన్నవాళ్లకు పడదు. మ్యాట్ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. డాబా మీద క్లాసు పెడితే పిట్టగోడకు దూరంగా నిలబెట్టండి, మంచు పడిన నేల ఆరేదాకా ఆగండి, ఉరుము వినిపిస్తే ఆపేయండి. పక్కవాళ్ల చేతులు తగలకుండా నిలబడగలిగినంత మందినే తీసుకోండి. పదిమందిని చూడగల గదిలో పదహారు మందిని పెడితే వెనక వరుసలో ఏం జరుగుతోందో మీకు కనిపించదు.

నోటి మాట, పోస్టరు మాట

ఆయుష్ మంత్రిత్వ శాఖ 2018లో యోగా సర్టిఫికేషన్ బోర్డును ఏర్పాటు చేసింది. దాని పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవడం మంచిదే, నేను ప్రోత్సహిస్తాను కూడా. ఆ కాగితం నేర్పే అర్హతను చెబుతుంది, వైద్యం చేసే అర్హతను ఇవ్వదు. కాబట్టి “షుగర్ మాత్రలు ఆపించేస్తాం”, “21 రోజుల్లో థైరాయిడ్ మాయం” లాంటి మాటలు పోస్టర్లో రాయకండి, క్లాసులో అనకండి. తప్పుదోవ పట్టించే ప్రకటనలు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద నేరం. యోగాతో పాటు నూనెలూ చూర్ణాలూ అమ్ముతుంటే ఇంకో చట్టం కూడా ఉంది: షుగర్, బీపీ, స్థూలకాయం, పక్షవాతం, కేన్సర్ లాంటివి మందుతో నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, మీ మాట నమ్మి ఒకరు బీపీ మాత్ర మానేసి పక్షవాతం తెచ్చుకుంటే ఆ బాధ్యత నుంచి ఏ సంతకమూ మిమ్మల్ని తప్పించలేదు. “మాత్రలు తగ్గించాలంటే మీ డాక్టరుగారే చెప్పాలండీ” అన్న మాట మీ నోటికి అలవాటు కావాలి.

విద్యార్థుల ఫొటోలు అడగకుండా స్టేటస్‌లో పెట్టవద్దు. బరువు తగ్గకముందు, తగ్గాక అంటూ జంట ఫొటోలు పెట్టేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. రాతపూర్వకంగా ఒప్పుకున్నా సరే, తీసేయమంటే ఆ రోజే తీసేయండి. ఎవరి జబ్బు సంగతీ పక్క విద్యార్థితో ఎత్తకండి. వాట్సాప్ గ్రూపులో అందర్నీ చేరిస్తే ప్రతి ఆడమనిషి నంబరూ అపరిచితులకు కనిపిస్తుంది. దానికి బదులు బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడండి. మీ నంబరు ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్‌లు చేరతాయి కాబట్టి చేరిన రోజే సేవ్ చేయించండి. ఆరోగ్య ఫారాలు బీరువాలో తాళం వేసి ఉంచండి.

ఇళ్లకు వెళ్లి నేర్పేవాళ్లు

మొదటిసారి ఎవరింటికైనా వెళ్లేటప్పుడు పగటిపూట, తోడు తీసుకుని వెళ్లండి. ఫోన్లో మాట్లాడినది ఆడవాళ్లే అయినా ఇంట్లో ఎవరెవరు ఉంటారో, క్లాసు ఏ గదిలోనో ముందే అడగండి. అడగడానికి మొహమాటపడకండి. పడకగదిలో, లోపల గడియ పెట్టుకునే గదిలో క్లాసు తీసుకోకండి. బయల్దేరేముందు ఇంట్లోవాళ్లకు వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టండి. అది 15 నిమిషాలు, ఒక గంట, 8 గంటల చొప్పున ఉంటుంది, 8 గంటలది ఎంచుకోండి. ఎవరి మాట తీరైనా, చూపైనా నచ్చకపోతే సంజాయిషీ ఇవ్వకుండా లేచి వచ్చేయండి. అడ్డుపడితే అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయండి. మిగిలిన ఫీజు గురించి ఆ తర్వాత ఆలోచించవచ్చు.

డబ్బు, ఫోన్

యోగా టీచర్లను, ట్యూషన్ టీచర్లను గురిచూసి జరిగే ఒక మోసం ఉంది. హిందీలోనో ఇంగ్లిష్‌లోనో మర్యాదగా ఫోన్ వస్తుంది. “మేము ఆర్మీ నుంచి మాట్లాడుతున్నాం మేడమ్. మా క్వార్టర్స్‌లో 20 మంది లేడీస్‌కు క్లాసులు కావాలి. మూడు నెలల ఫీజు అడ్వాన్సుగా పంపిస్తాం.” యూనిఫాంలో ఉన్న ఫొటో, ఐడీ కార్డు కూడా పంపుతారు. ఆ తర్వాత “మా ఆఫీసు పద్ధతి వేరు మేడమ్, ముందు మీరు ఈ కోడ్ స్కాన్ చేసి ఒక్క రూపాయి పంపండి, రెట్టింపు వస్తుంది” అంటారు. నిజంగానే రెండు రూపాయలు వస్తాయి. నమ్మకం కుదిరాక పెద్ద మొత్తానికి కోడ్ వస్తుంది. మనం పిన్ కొట్టగానే ఖాతా ఖాళీ. డబ్బు రావడానికి పిన్ కొట్టే పని ఎప్పుడూ ఉండదు, కోడ్ స్కాన్ చేసే పని ఎప్పుడూ ఉండదు. మోసపోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మొదటి గంటలో చేసిన ఫిర్యాదుకే డబ్బు ఆగే అవకాశం ఎక్కువ.

“పొరపాటున మీకు ఎక్కువ పంపాను, ఫలానా నంబరుకు తిరిగి పంపండి” అని అపరిచితులంటే మీరుగా పంపకండి, బ్యాంకుకు చెప్పండి. అది దొంగసొమ్మయితే మీ ఖాతా స్తంభించిపోతుంది. అందుకే క్లాసుల డబ్బుకు ఒక ఖాతా, ఇంటి ఖర్చులకు ఇంకో ఖాతా విడిగా పెట్టుకోండి. వాట్సాప్‌లో రెండంచెల భద్రత పిన్ పెట్టుకోండి, ఓటీపీ ఎవరికీ చెప్పకండి. మీ వ్యాపారమంతా ఆ నంబరు మీదే నడుస్తోంది.

ఫీజు నెల మొదట్లోనే తీసుకోండి. ఎన్ని క్లాసులు, మానేస్తే ఎలా, మీరు సెలవు పెడితే ఎలా అన్నది ఒక చిన్న కాగితం మీద రాసివ్వండి. దగ్గరివాళ్లకు, బంధువులకు కూడా అదే కాగితం. చిన్న వ్యాపారాలను నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు రుసుము లేదు, డబ్బు అడిగే సైటు నకిలీది. ఏడాది రాబడి 20 లక్షల రూపాయలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. యోగా సెంటర్ల మీద ఆ పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. డాలస్, న్యూజెర్సీల్లో ఉన్న తెలుగువాళ్లకు ఆన్‌లైన్లో నేర్పుతుంటే ఆ ఫీజుల లెక్క ఆడిటరుకు విడిగా చూపించండి. అక్కడ మార్చిలో, నవంబరులో గడియారం గంట మారుతుంది. మన ఉదయం 6 గంటల క్లాసు న్యూజెర్సీలో వేసవిలో రాత్రి 8:30, చలికాలంలో 7:30. ఆ మార్పుకు వారం ముందే అందరికీ మెసేజ్ పెట్టండి.

మీ ఒళ్లు

ఒంటరిగా నడిపేవాళ్లు అన్నిటికన్నా నిర్లక్ష్యం చేసేది తమ శరీరాన్నే. తెల్లవారి 5:30 బ్యాచ్, 6:30 బ్యాచ్, తర్వాత రెండు ఇళ్లు, సాయంత్రం ఆన్‌లైన్, రాత్రి అమెరికా వాళ్లు. ప్రతి బ్యాచ్‌లోనూ ఆసనం వేసి చూపిస్తే మణికట్లు, మోకాళ్లు కొన్నేళ్లలోనే మొరాయిస్తాయి. గొంతు బొంగురుపోతుంది. అలసిన కంటికి వెనక వరుసలో వణుకుతున్న చేయి కనిపించదు, కాబట్టి మీ అలసట విద్యార్థులకు కూడా ప్రమాదమే. రోజుకు ఇన్ని క్లాసులకు మించి తీసుకోనని ఒక అంకె పెట్టుకోండి. ఒకసారి చూపించి, తర్వాత మాటతో నడిపించండి. వారానికి ఒక పూర్తి సెలవు, ఏడాదికి కనీసం రెండు వారాల సెలవు ముందే ప్రకటించి, ఆ రోజుల్ని లెక్కలోకి తీసుకునే ఫీజు నిర్ణయించండి. ఫీజు తక్కువ పెట్టి క్లాసులు పెంచుకోవడం నాకు సమ్మతం కాదు. జ్వరం వచ్చినా లేవాల్సి వచ్చే ఫీజు, సరైన ఫీజు కాదు. మూడు నుంచి ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా దాచండి. ఆరోగ్య బీమా తీసుకోండి. వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు.

మీ ఊళ్లోనే మీలాగే ఒంటరిగా నేర్పుతున్న ఇంకో టీచర్‌తో ఒప్పందం చేసుకోండి. మీకు బాగోలేని రోజు ఆవిడ, ఆవిడకు బాగోలేని రోజు మీరు. ఎవరి విద్యార్థులు వాళ్లవే, ఆ రోజు ఫీజు వచ్చి చెప్పినవాళ్లది. ఇది కూడా రాసుకోండి.

ఇక చివరిగా ఒక్క కోరిక. మీరు వారం రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వస్తే ఎవరికి ఫోన్ చేయాలి, ఏ బ్యాచ్ ఎన్ని గంటలకు, ఫారాలు ఏ బీరువాలో ఉన్నాయి, ఎవరి ఫీజు ఎంత వెనక్కివ్వాలి — ఇదంతా ఒక పేజీలో రాసి, ఈ ఆదివారంలోగా ఇంట్లో ఒకరి చేతికివ్వండి.